సీసం కలిసిన పోత

పెంటప్ప మాటకు ఎదురు చెప్పే మనిషి ఆ ఇంట్లో లేడు. ఇంట్లో ఉన్నదే ముగ్గురు: పెంటప్ప, ఆయన కూతురు మంగళ, అల్లుడు సిద్ధరాములు. పెంటప్పకు కొడుకులు లేరు. భార్య పోయాక ఒక్కడివే ఏం వండుకుంటావని మంగళ వెళ్లి తండ్రిని, ఆయన ట్రంకు పెట్టెను, చేతికర్రను రిక్షా ఎక్కించి తీసుకొచ్చింది. రావడమైతే వచ్చాడు గానీ, కూతురింట్లో కూర్చుని తినడం ఆయనకు గొంతు దిగలేదు. ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు. కంచం ముందు మాత్రం ముక్కూ మొహం తెలియని వాళ్లింటికి వచ్చిన చుట్టంలా ఒద్దికగా కూర్చునేవాడు. మంగళ రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ పేటలో ఎంతోమందికి జకార్డు మగ్గం మీద బొమ్మల అంచు ఎలా ఎత్తాలో నేర్పిన మనిషి, తను పెట్టే నాలుగు మెతుకుల ముందు అలా ముడుచుకుపోవడం మంగళ చూడలేకపోయేది.

అందుకని మొగుడూ పెళ్లాలు పైకి అనుకోకుండానే ఒక ఒప్పందానికి వచ్చారు. ముసలాయన ఏదంటే అది. కూరలో ఉప్పు ఎక్కువైందంటే ఎక్కువైంది, తక్కువైందంటే తక్కువైంది. ఒకే పూట రెండూ అన్న రోజున కూడా మంగళ రెండుసార్లూ తలూపింది. సిద్ధరాములయితే మరీను. మామ వస్తుంటే చేతిలో బీడీ నలిపి పారేసేవాడు, ఆయన కూర్చుంటే తను నిలబడేవాడు. ఇంత మర్యాద తెలిసిన అల్లుడు మా ఇళ్లలో ఒక్కడూ లేడని పక్కిళ్ల ఆడవాళ్లు మంగళతో కలిసి బీడీలు చుడుతూ మెచ్చుకునేవాళ్లు. మంగళ మురిసిపోయేది. ఆ మర్యాదే కొంప ముంచుతుందని అప్పుడెవరనుకున్నారు!

సిద్ధరాములుది పోత పని. అశోక్ చౌక్ వెనక సందులో ఒక రేకుల షెడ్డు, అందులో భట్టీ, ఇసుక అచ్చులు, మూలన ఒక పాత లేత్ మిషను. చుట్టుపక్కల షెడ్లలో నడిచే పవర్‌లూములకు, అంటే అక్కడివాళ్లు సాంచలనేవాటికి, బుష్‌లు పోసిస్తాడు. బుష్ అంటే పెద్ద వింతేం కాదు. ఇరుసు తిరిగేచోట ఇనుమూ ఇనుమూ రాసుకుని అరిగిపోకుండా మధ్యలో బిగించే లోహపు కడియం. దాన్ని ఇన్నాళ్లూ గన్‌మెటల్‌తో పోసేవాడు. రాగీ తగరమూ కలిసిన ఆ లోహానికి బరువెక్కువ, కరగాలంటే బొగ్గు బస్తాలకు బస్తాలు మింగుతుంది, రాగి సంగతి చెప్పనే అక్కర్లేదు.

తొంభై ఒకటిలో, ఎండాకాలం సెలవుల్లో, రాజారాం వచ్చాడు. సిద్ధరాములుతో చిన్నప్పుడు గోలీలాడినవాడు, ఇప్పుడు పుణెలో పెద్ద ఫౌండ్రీలో పని. వస్తూ వస్తూ సంచిలోంచి ఒక బూడిదరంగు దిమ్మ తీసి షెడ్డులో నేల మీద పెట్టాడు.

"ఏందిరా ఇది, జర్మన్ గిన్నెలు కరగబోసుకొచ్చినవా?" అన్నాడు సిద్ధరాములు. అల్యూమినియాన్ని అక్కడ జర్మన్ అనే అంటారు.

"జర్మన్ పావు వంతే. మిగిలిందంత జింకు. జరంత రాగి, చిటికెడు ఇంకోటి. లేపి చూడు."

సిద్ధరాములు వంగి లేపాడు. గన్‌మెటల్ బరువుకు అలవాటుపడ్డ చెయ్యి దిమ్మతో సహా గడ్డందాకా లేచిపోయింది. రాజారాం పగలబడి నవ్వాడు. తర్వాత దాని గుణాలన్నీ చెప్పాడు. గన్‌మెటల్ కరిగే వేడిలో సగంతోనే కరుగుతుంది. అచ్చులో సందు సందుకూ పారుతుంది. గట్టిగా ఉంటుంది, తొందరగా అరగదు. సాంచ నడిపేవాడు నూనె పొయ్యడం మర్చిపోయినా కొంత ఓర్చుకుంటుంది.

"ఇంత మంచిదానికి రోగమేం లేదా?"

"ఎందుకు లేదు? వేడికాగదు. మరిగే నీళ్లంత వేడి తగిలితే బలం పోతది, నూలుకు గంజి పట్టిచ్చే సైజింగ్ మిషన్ దిక్కు పెట్టకు. ఇంకోటి, సీసం. సీసాన్ని దీని దగ్గరికే రానియ్యకు. గోరంత పడ్డా సరే, మొదలు మంచిగనే కనపడుతది. ఆనక తేమ తగిలితే లోపల్లోపల తింటది. ఉబ్బుతది, పగులుతది, ఎకదం పిండైతది."

ఇక సిద్ధరాములుకు అదే లోకం. మంగళ వాకిట్లో కూర్చుని తునికాకు కత్తిరిస్తుంటే ఎదురుగా కూర్చుని ఆ లోహం గురించే చెప్పేవాడు. పెళ్లయిన కొత్తలో కూడా ఆయన తనతో ఇంత మాట్లాడలేదని మంగళకు లోపల కాస్త కినుక. అయినా విన్నది. విని విని, ఏది కలపాలో ఏది కలపకూడదో ఆమెకు కూడా నోటికొచ్చేసింది. రాజారాం పుణె నుంచి దిమ్మలు పంపించాడు. లోహం కరిగించడానికి కొత్త మూస, పొయ్యడానికి కొత్త గరిటె కొన్నారు. వెనక వీధిలో సాంచల షెడ్డున్న కొమురయ్య, "మంచిగుంటే నా సాంచలన్నిటికీ ఇవే ఏపిస్త, నన్ను జూసి మిగితావాళ్లొస్తరు" అన్నాడు. ఆయన మాట మీద ఆ పేటలో పది షెడ్లు నడుస్తాయి. మొదటి పోత దసరానాడు పెట్టుకున్నారు.

పెంటప్ప వంశంలో ఒక పద్ధతి ఉంది. కొత్త మగ్గం నిలబెట్టినప్పుడు పాత మగ్గం ముక్కొకటి అందులో ఎక్కడో ఒకచోట బిగించాలి. మేకు కావచ్చు, చెక్క కావచ్చు, ఆఖరికి తాడు పేలిక కావచ్చు. పెంటప్ప తాత కరీంనగర్ దిక్కు నుంచి కాలినడకన వచ్చినప్పుడు మగ్గం మోసుకు రాలేక ఒక్క చెక్క మేకు నడుముకు దోపుకొచ్చాడట. దాన్ని ఇక్కడి మగ్గంలో కొట్టాకే మొదటి పోగు ఎక్కించాడట. తరతరానా అలా పాతది కొత్తదానిలోకి పోతూ వచ్చింది. పెంటప్ప దగ్గరికొచ్చేసరికి ఆగింది. చేతిమగ్గాలు మూలపడ్డాయి, ఆయన మగ్గం కట్టె చెదలు పట్టి పొయ్యిలోకి పోయింది. మిగిలింది జకార్డు మగ్గంలో దారాల కొసలకు వేలాడగట్టే సీసపు పుల్లలు. పైకి లేచిన దారం తిరిగి కిందికి దిగాలంటే కొసన ఆ బరువు ఉండాలి. నేత పోయింది, బరువులు మాత్రం ఒక దోసెడు ఆయన ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి.

దసరానాడు భట్టీకి పసుపు రాసి బొట్లు పెట్టారు. కొమురయ్య, చుట్టుపక్కల నలుగురు వచ్చారు. మూసలో లోహం కరిగి, పైన తెట్టు తీస్తే వెండిలా మెరుస్తోంది. సిద్ధరాములు కొబ్బరికాయ కొట్టబోతుంటే పెంటప్ప కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఉతికిన ధోవతి, తలకు రుమాలు. చేతిలో పసుపు గుడ్డ మూట. అందరి ముందూ విప్పాడు. చింతపండు పెట్టి తోమి తళతళలాడించిన సీసపు పుల్లలు.

"అల్లుడా, ఇది నా మగ్గం," అన్నాడు. "నాకు కొడుకుల్లేరు, నా మగ్గం ఎవ్వరికీ ఇయ్యలేకపోయిన. ఇయ్యాల నీ పోతల పడితే ఊర్లున్న సాంచలన్నిట్ల నా మగ్గం తిరుగుతది. చాలు నాకు."

చూస్తున్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. సిద్ధరాములు మాత్రం కొబ్బరికాయ పట్టుకుని అలాగే నిలబడి మంగళ వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో మంగళకు తెలుసు. సీసం. ఒక్క మాట అంటే సరిపోయేది. మామా, ఇది పడితే పోత ఖరాబైతది, ఇంకోచోట పెడదాం. అంతే. కానీ అందరి ముందూ, పండగనాడు, తండ్రి చాచిన చేతిని వెనక్కి పంపడమంటే మంగళకు ప్రాణం పోయినట్టనిపించింది. ఆయన మళ్లీ కంచం మీద చెయ్యి పెట్టే మనిషైపోతాడు. ఆమె మొగుడి వైపు చూస్తూ కళ్లు నెమ్మదిగా మూసి తెరిచింది. పోనీ, వెయ్యనీ.

పెంటప్ప దణ్ణం పెట్టుకుని సీసపు పుల్లలన్నీ మూసలో వేశాడు.

"సీసం బరువు గదా, అడుగుకు పోతది," అని ఆ సాయంత్రం సిద్ధరాములు తనకు తనే చెప్పుకున్నట్టు చెప్పాడు. "అడుగున మిగిలింది నేను పొయ్యలే. ఏం గాదు." మంగళ కూడా ఏం గాదనే అనుకుంది. కావాలని నమ్మేవాళ్లకు నమ్మకం ఎంతసేపు!

నిజం చెప్పాలంటే, మొదట్లో అంతా బ్రహ్మాండంగానే ఉంది. కొమురయ్య షెడ్డులో సాంచలన్నిటికీ కొత్త బుష్‌లు పడ్డాయి. ఇరుసులు వేడెక్కలేదు. దడదడ కూడా కొంచెం తగ్గింది. "చప్పుడు తక్కువైతే నా చెవులు దొబ్బినయనుకున్న" అని కొమురయ్య నలుగురికీ చెప్పి నవ్వించాడు. మిగతా షెడ్లవాళ్లు వచ్చి చూసిపోయారు, మాకూ కావాలన్నారు.

పెంటప్ప సంగతైతే చెప్పనే అక్కర్లేదు. పొద్దున్నే చాయ్ తాగి కర్ర పట్టుకుని కొమురయ్య షెడ్డుకు వెళ్లేవాడు. ఒక్కో సాంచ దగ్గరా ఆగి, పక్క చట్రం మీద చెయ్యి వేసి, లోపల తిరిగే తన మగ్గాన్ని పలకరించి వచ్చేవాడు. కొంతం చౌక్ దగ్గర చాయ్ హోటల్లో కనపడ్డవాడికల్లా ఆ కథే. ఇంటికొచ్చి కంచం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. "బిడ్డా, ఇంకింత పెట్టు. తొక్కు లేదా ఇయ్యాల?" అని అడిగి వేయించుకునేవాడు. మొదటిసారి అలా అడిగినప్పుడు మంగళ వంటింట్లోకి వెళ్లి, తొక్కు జాడీ మూత తియ్యకుండానే కాసేపు ఏడ్చింది. సంతోషంతోనే.

మృగశిర కార్తె వచ్చింది. ఆ ఏడు వానలు బాగా పట్టాయి. అసలే నూలు తెగకుండా నేల మీద నీళ్లు చల్లే షెడ్డు, పైన వాన, లోపల ఉక్కపోత. ఒకరోజు కొమురయ్య షెడ్డులో ఒక సాంచ మూలిగి ఆగిపోయింది. మర్నాడు ఇంకోటి. ఇరుసు కదలదు. విప్పి చూస్తే బుష్ ఉబ్బి ఇరుసును పట్టేసింది. మరోదాన్ని విప్పబోతే చేతిలోనే రెండు చెక్కలైంది. కొమురయ్య వాటిని గోనెసంచిలో వేసుకొచ్చి సిద్ధరాములు షెడ్డులో నేల మీద గుమ్మరించాడు.

"ఏందయ్యా ఇది? బుష్‌లా, బొరుగులా? నా సాంచలన్ని బంద్ పడ్డయి!"

సిద్ధరాములు ఒక ముక్క తీసుకుని బొటనవేలితో నొక్కాడు. లోపల బూడిదరంగు పలుకులు పలుకులుగా రాలింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, మామ లేనప్పుడు, ఒక్కటే మాటన్నాడు. "సీసమే, మంగళా."

మంగళ వాకిలి వైపు చూసింది. "నాయినకు చెప్పకు" అన్నది.

"మరి కొమురయ్యకేం చెప్పాలె?"

"నీ చేతిల తప్పు జరిగిందని చెప్పు. మల్ల మంచిగ పోసిస్తనని చెప్పు."

ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి, సరేనన్నాడు. ఆ సరే ఎంత బరువో మంగళకు తెలియకపోలేదు. మొగుడు ఏడాదిపాటు పెళ్లాంకన్నా ఎక్కువగా ప్రేమించిన లోహం అది. తప్పు నాదే అని ఆయన చెప్పాడు గానీ, జనం ఆయన్ను వదిలి లోహాన్ని పట్టుకున్నారు. జర్మన్ గిన్నెలతో బుష్‌లు పోస్తే గట్లనే ఉంటదన్నారు. పాత గన్‌మెటలే నయమన్నారు. మాకూ కావాలన్న షెడ్లవాళ్లు సందు మారి నడవడం మొదలుపెట్టారు. సిద్ధరాములు భట్టీ ఆర్పి, ఖాళీ షెడ్డులో కూర్చునేవాడు. పెంటప్పకు ఎవరూ ఏమీ చెప్పలేదు. సాంచలు రిపేరుకు ఆపారని మంగళ ఒక అబద్ధం చెప్పింది. ఆయన దాన్ని నమ్మి, రిపేరు ఎప్పుడవుతుందని రోజూ అడిగేవాడు.

ఆఖరికి కొమురయ్య షెడ్డులో నలుగురు సాంచల వాళ్లు కూర్చుని తేల్చుకుందామన్నారు. కబురందుకుని రాజారాం కూడా పుణె నుంచి బస్సెక్కి వచ్చాడు. ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ పెంటప్ప చెవిన పడింది. రుమాలు చుట్టుకుని బయల్దేరాడు.

"నాయినా, వాన పడుతున్నది. మోకాళ్లు పట్టుకుంటయి, పోకు."

"నా అల్లుణ్ణి కూసోబెట్టి అడుగుతరట. నేను ఇంట్ల కూసోవాల్నా?"

ఆయన ముందు, గొడుగు పట్టుకుని మంగళ వెనక. దారి పొడుగునా ఆయన్ను వెనక్కి తిప్పడానికి ఒక్క సాకూ తోచలేదు ఆమెకు.

షెడ్డులో సాంచలు ఆగి ఉన్నాయి. ఆ షెడ్డులో అంత నిశ్శబ్దాన్ని మంగళ ఎప్పుడూ వినలేదు. రాజారాం నేల మీద గొంతుక్కూర్చుని ఒక బుష్‌ను సుత్తితో కొట్టి పగలగొట్టాడు. రాలిన పలుకుల్ని అరచేతిలో వేసుకుని చూశాడు.

"ఇది లోహం తప్పు కాదు. దీంట్ల ఏదో కలిసింది. సిద్ధూ, ఏం కలిసింది?"

సిద్ధరాములు తల వంచుకున్నాడు. "ఏదో పాత సామాను... చూసుకోకుండ పడ్డది. తప్పు నాదే."

"పాత సామానా?" కొమురయ్య లేచి నిలబడ్డాడు. "అంటే మాకు తుక్కు కరగబోసిచ్చినవా? కొత్త మాలని చెప్పి మోసం జేసినవా?"

మోసమన్న మాట పడగానే పెంటప్ప కర్ర నేలకేసి కొట్టాడు.

"కొమురయ్యా! నోరు సంభాలించుకో! నా అల్లుడు మోసగాడా? ఆ పోతల తుక్కు పడ్డదని ఎవడన్నడు? నువ్వు నిలబడి చూడలేదా దసరానాడు? నా మగ్గం సీసం నా చేతుల్తోని ఏసిన. మూడు తరాల మగ్గం అది! అది పడ్డ పోత ఖరాబెట్లయితది?"

అల్లుణ్ణి కాపాడబోయి ఆయనే తన నోటితో చెప్పేశాడు. తను ఇన్నాళ్లూ దాచిందంతా ఒక్క కోపంతో బయటపడింది. చెయ్యి చాచి ఆ మాటను గాల్లోంచి తిరిగి పట్టుకోగలిగితే బాగుండునని పిచ్చిగా అనిపించింది.

"సీసమా?" అన్నాడు రాజారాం. పాపం, అతనికి ఈ ఇంటి మర్యాదల సంగతి తెలియదు. "అరే తాతా, అదే గదా! దీంట్ల సీసం పడొద్దు." ఇక దాచేదేముంది, అంతా విడమర్చి చెప్పాడు. లోహం గడ్డకట్టేటప్పుడు పలుకు పలుకుకూ మధ్య సీసం వెళ్లి కూర్చుంటుందని, తేమ ఆ దారినే లోపలికి దూరుతుందని, పైకి కనపడకుండా తింటూ పోతుందని.

పెంటప్ప కోపం దిగిపోయింది. ఆయన అడ్డం తగలకుండా విన్నాడు. తర్వాత, కొత్త రకం అంచు గురించి అడిగే నేతగాడిలా అడిగాడు.

"ఎంత పడితే ఖరాబైతది?"

"గోరంత చాలు తాతా."

"నేను దోసెడేసిన."

ఆయన అల్లుడి వైపు తిరిగాడు. "నీకు ఎరుకేనా? నేనేసేటప్పుడు ఎరుకేనా?"

మంగళ గొడుగు కింద పడేసింది.

"నాకు ఎరుకే నాయినా. ఆయన నా దిక్కు జూసిండు. నేనే, ఆపొద్దని సైగ జేసిన. ఆయన తప్పు లేదు, అందరినీ ముంచింది నేను."

పెంటప్ప కూతురి ముఖం చూశాడు. కర్ర తీసుకుని వానలోకి నడిచాడు.

కొమురయ్య సాంచ చట్రం పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆయనా నేతగాడి కొడుకే. "నేనూ నిలబడి కండ్లు తుడుసుకున్న గద దసరానాడు," అని గొణిగాడు. సిద్ధరాములు వైపు చూడకుండానే, "ఒక సాంచకు పోసియ్యి. ఒక్కదానికే. ఈ వానలల్ల నిలబడితే అప్పుడు చూద్దాం" అన్నాడు.

ఆ పూట పెంటప్ప అన్నం ముట్టలేదు. మంగళ కంచం పట్టుకొచ్చి ముందు పెట్టి, కాళ్ల దగ్గర కూర్చుంది. ఆయనే మొదలుపెట్టాడు.

"నాకు సీసం సంగతి ఎరుక లేదు. ఎరుక లేకపోవుడు తప్పు గాదు."

"తప్పు నాది నాయినా. నీ మనసు నొప్పిచ్చుడెందుకని..."

"మా నాయిన నా మనసు రోజు నొప్పిచ్చేటోడు," అన్నాడు పెంటప్ప. "ఒక్క పోగు తప్పితే నాడెతోని చేతి మీద కొట్టేటోడు. నేసిందంత ఇప్పేదాక ఊకోకపోయేటోడు. ఎందుకు? నేను నేతగాణ్ణయితనని నమ్మిండు గనుక. ఊర్లె ఎవ్వనిమీద నమ్మకం లేదో వాన్ని ఏమనకపోయేటోడు. మంచిగున్నదని చెప్పి పంపేటోడు." ఆయన కంచం పక్కకు జరిపాడు. "మీరిద్దరు నన్ను అట్ల పంపిన్రు బిడ్డా. ఉప్పెక్కువైతే సరే, తక్కువైతే సరే. నేను మరీ అంత తెలివి లేనోన్ననుకున్నవా, నాకు తెల్వదనుకున్నవా? ఇంట్ల మనిషినైతే తిడుతరు. పనోన్నైతే వద్దంటరు. మీరు నన్ను దేవుణ్ణి జేసి గూట్ల కూసోబెట్టిన్రు. దేవుని ముందర ఎవ్వడు నిజం చెప్తడు?"

మంగళ తలెత్తలేకపోయింది. ఇన్నేళ్లూ ప్రేమనుకుని తను పెట్టినదంతా ఆయనకు ఇలా చేరిందా అనుకుంది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. తర్వాత కంచం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టాడు.

వారం తిరిగాక మళ్లీ భట్టీ వెలిగింది. సీసం తగిలిన మూస పారేసి కొత్త మూస తెచ్చారు. ఈసారి పూజా లేదు, నలుగురూ రాలేదు. రాజారాం సెలవు పొడిగించుకుని ఉండిపోయాడు. మంగళ చాయ్ చెంబు పట్టుకుని వెళ్లేసరికి పెంటప్ప అప్పటికే షెడ్డులో ఉన్నాడు. ఎవరు పిలిచారో, ఎవరూ పిలవకుండానే వచ్చాడో. రుమాలు తీసి నడుముకు కట్టుకున్నాడు. చేతిలో కర్ర లేదు, పొడుగాటి కడ్డీ ఉంది. మూసలో లోహాన్ని కలుపుతున్నాడు. ఆ లోహంలో జర్మన్ తేలికది, పైకి తేలుతుంది. కలపడం ఆపితే పైన ఒకటి, కింద ఒకటిగా విడిపోతుంది. అచ్చు సిద్ధం చేసుకునేదాకా ఒకరు కలుపుతూనే ఉండాలి.

మంగళ వాకిట్లోనే ఆగింది. వేడికి తండ్రి ముఖం కందిపోయి ఉంది. చెమట కళ్లలోకి దిగింది కాబోలు, ఆయన ఒక చేత్తో కడ్డీ వదిలి, ముఖం తుడుచుకోవడానికి ఆగాడు.

"మామా!" సిద్ధరాములు అచ్చు దగ్గర నుంచి అరిచాడు. "ఎందుకాపినవ్? కలుపు! అడుగుకెళ్లి కలుపు! కలుపుమన్నప్పుడు ఆపుతవేంది?"

ఆ మనిషి మీద ఆ ఇంట్లో అంత గొంతు ఎప్పుడూ లేవలేదు. పెంటప్ప ఉలిక్కిపడ్డాడు. రెండు చేతులూ కడ్డీ మీద వేసి, వంగి, అడుగు నుంచి పైకి, పైనుంచి అడుక్కి కలపసాగాడు. మగ్గం మీద చేసినట్టే ఒక లయలో పడింది చెయ్యి. ఇక ఆపలేదు. "చాలు, జరుగు మామా, జరుగు!" అని అల్లుడు గదిమాక పక్కకు జరిగాడు. సిద్ధరాములు మూస ఎత్తి అచ్చుల్లో పోశాడు. పోత అయిపోయింది.

అప్పుడు గానీ సిద్ధరాములుకు తనేం చేశాడో తెలియలేదు. చేతులు తుడుచుకుంటూ మామ దగ్గరికొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"మామా, నోరు జారిన. పనిల పడి..."

"ఇగో, మల్ల మొదలువెట్టకు," అన్నాడు పెంటప్ప. ఇంకా రొప్పుతున్నాడు, నుదుటి మీంచి చెమట కారుతోంది, ముఖమంతా నవ్వే. "రేపు పోత ఎన్ని గంటలకు పెడుతవ్, అది చెప్పు."